నికార్సైన ఓటమి

పాత గోనెలు కొనేటప్పుడు నేను ముందు చిరుగులు లెక్కపెడతాను. వంద సంచుల కట్టలో ముప్పై చిరిగి ఉంటే కొన్నది వంద కాదు, డెబ్బై. ఈ మాత్రం లెక్క వచ్చినందుకే కంచర్లపేట మిర్చి యార్డు వెనక నా గోనెల కొట్టు ముప్పై రెండేళ్ళుగా నిలబడింది. ఈ లెక్క రానివాళ్ళు లోకంలో ఇద్దరే అని చాలాకాలం అనుకున్నాను. ఒకరు మా బావమరిది గుణశేఖరం, రెండోది అదృష్టాదాయ శాఖ. మా ఊళ్ళోనే ఇంకో పధ్నాలుగు మంది ఉన్నారని తరవాత తెలిసింది.

గుణశేఖరానికి పెద్ద బజారులో రెడీమేడ్ బట్టల కొట్టుంది. మధ్యాహ్నం భోజనం కాగానే కొట్టు పెళ్ళానికి అప్పగించి శ్రీ విలాస క్లబ్బుకు పోతాడు. రెండింటి నుంచి అయిదింటి దాకా రమ్మీ. కొన్నాళ్ళు గెలుస్తాడు, ఎక్కువనాళ్ళు ఓడతాడు. అందులో దాచుకోవలసిందేమీ లేదు. అతని భార్య కనకలత ప్రతిరోజూ అతని మొహం చూసి క్యాలెండరు మీద ఆ రోజు అంకె రాస్తుంది.

డిసెంబరు నెలలో అతనికి శాఖ నుంచి కాగితం వచ్చింది. ఈ ఏడాది ఇంతవరకు తమరు చీట్లపేకలో గెలిచిన మొత్తం మూడు లక్షల నలభై వేలు. దానిమీద నూటికి ముప్పై చొప్పున పన్ను లక్షా రెండు వేలు. మార్చి ముప్పై ఒకటి లోగా చెల్లించని పక్షంలో తమ కొట్టు జప్తు చేయబడును.

కనకలత క్యాలెండరు తీసుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, మూడు నలభై వచ్చిన మాట నిజమే. నాలుగు పది పోయిందండీ. డెబ్బై వేలు పోగొట్టుకున్న మనిషిని పట్టుకుని గెలిచావంటారేంటండీ?"

మా ఆవిడ మాణిక్యమ్మ నావైపు తిరిగింది. "వాడు ఆడాడు, వాడి ఖర్మ. ఈ పిల్లా, ఆ ఇద్దరు ఆడపిల్లలూ ఆడలేదుగా? కొట్టుకి తాళం పడితే వాళ్ళేం తింటారు? ఎల్లి మాట్లాడండి."

వెళ్ళాను. గుణశేఖరాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను.

అదృష్టాదాయ అధికారి అచ్యుతరామయ్య గారు మమ్మల్ని కూర్చోమన్నారు. కాగితం చూశారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"తమరు గెలిచిన మాట వాస్తవమా, కాదా?"

"గెలిచానండీ. ఓడిపోయాను కూడా," అన్నాడు గుణశేఖరం.

"నేను మొదటిదే అడిగాను. ఓటమి పౌరుడి వ్యక్తిగత విషయం. పౌరుల వ్యక్తిగత దుఃఖాల్లో శాఖ జోక్యం చేసుకోదు."

నేను కలగజేసుకున్నాను. "అయ్యా, నేను గోనెల వ్యాపారిని. వంద సంచుల్లో ముప్పై చిరిగితే డెబ్బైకే లెక్క చెబుతాను. ఇతను గెలిచిందీ ఆ బల్ల మీదే, ఓడిందీ ఆ బల్ల మీదే. ఒకే చేత్తో ఆడాడు. మీరు ఒక పక్కే చూస్తే ఎట్లా?"

"తమది వ్యాపారం. అందులో శ్రమ ఉంది. ఇది అదృష్టం. అదృష్టం వచ్చినపుడు శాఖకు సంబంధిస్తుంది. పోయినపుడు దేవుడికి సంబంధిస్తుంది."

"అయితే దేవుడికి అర్జీ పెట్టుకోమంటారా?"

"మాకే పెట్టుకోండి," అన్నారాయన శాంతంగా. "మూడు ప్రతులు."

పెట్టాను. మూడు ప్రతులూ ఒకే రకంగా రాసి, గోనెల ఉదాహరణ కూడా వేశాను. దానికి జవాబు రాదనే అనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఫిబ్రవరి మొదటివారంలో రాజధాని నుంచి ఏకంగా ఒక పథకం వచ్చింది. దాని పేరు 'నికార్సైన ఓటమి ఉపశమన పథకం'. ఓడిపోయిన సొమ్మును ఇకమీదట ఏ ఆదాయంలో నుంచైనా తగ్గించుకోవచ్చును. అయితే ఓటమి నికార్సైనదై ఉండాలి. ఓడినవాడు చిత్తశుద్ధితో గెలవడానికి ప్రయత్నించి ఉండాలి. ఏ ముక్క పారేసినా, పారేసేముందు దానికి కారణం లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. శాఖ పరిశీలకుడు పక్కన ఉండి చూడాలి. గెలిచినవాడు తాను గెలిచినట్లు సంతకం చేయాలి. పథకం రాకముందటి ఓటములు చెల్లవు.

చివరి వాక్యం గుణశేఖరం రెండుసార్లు చదివాడు.

"అంటే బావా, నా నాలుగు పదీ..."

"చెల్లవు. మళ్ళీ కొత్తగా ఓడాలి."

పరిశీలకుడిగా వచ్చినాయన పేరు దక్షిణామూర్తి. సన్నటి మనిషి, చేతిలో ఫైలు, జేబులో రెండు కలాలు. పుట్టి బుద్ధెరిగాక ముక్క పట్టుకోలేదని వచ్చినరోజే చెప్పాడు. ఆటగాళ్ళ వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా ముక్క ఎత్తితే చాలు, "ఆగండి. ఇస్పేటు తొమ్మిది త్యజించుటకు ప్రాతిపదిక ఏమిటి?" అనేవాడు. రైసుమిల్లు కోటయ్య గారు ఒకసారి జోకరునే పారేశారు. దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. "ఇది నిర్లక్ష్యపూరిత ఓటమి. నికార్సైనది కాదు. తిరస్కరించడమైనది."

అసలు చిక్కు అది కాదు. మా క్లబ్బులో గెలిచినవాడు గెలిచానని నోటితో అనడు. అది అక్కడి ఆచారం. ఎంతొచ్చిందని అడిగితే "ఏదో, పాన్ ఖర్చులు" అంటారు. గెలిచానంటే దిష్టి తగిలి మర్నాడు పోతుందని నమ్మకం. అప్పులవాళ్ళు వింటారని భయం కూడా. అలాంటి చోట 'నేను గెలిచితిని' అని సంతకం పెట్టే మగవాడెవడు? పైగా ఆ సంతకానికి ముప్పై శాతం పన్ను. దాంతో అందరూ ఓడాలని కూర్చున్నారు గాని, గెలవడానికి మనిషి కరువయ్యాడు. ముక్కలు కలిసినా ఎవరూ షో చూపించరు. సోమవారం మొదలైన ఒక ఆట బుధవారం మధ్యాహ్నం దాకా సాగింది. కళ్ళ డాక్టరు విద్యాధరరావు గారి చేతిలో పదమూడు ముక్కలూ కలిసి ఉండగా ఆయన ఇంకా పారేస్తూనే ఉన్నారని పక్కవాళ్ళు చూసి చెప్పారు.

పథకం మొదలై పది రోజులైనా ఒక్క ఓటమీ నమోదు కాలేదు. రాజధానిలో ఆందోళన మొదలైంది. నికార్సైన ఓటమి ఎలా ఉంటుందో ప్రజలకు అవగాహన లేదని అక్కడ తేల్చారు. కాబట్టి శాఖే ముందు నమూనాగా ఓడి చూపించాలన్నారు. 'ప్రామాణిక ఓటమి నిధి' కింద యాభై వేలు మంజూరయ్యాయి. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటి లోపు పరిశీలకుడు ఆ సొమ్మును క్లబ్బులో నిబంధనల ప్రకారం పూర్తిగా ఓడవలెను. ఒక్క రూపాయి మిగిలినా సంజాయిషీ ఇచ్చుకోవలెను.

దక్షిణామూర్తి ఒక పుస్తకం కొనుక్కుని రెండు రోజులు రమ్మీ నేర్చుకున్నాడు. మూడోరోజు బల్ల దగ్గర కూర్చున్నాడు.

మొదట తెలివి వచ్చింది కోటయ్య గారికి. ఆయన నా కొట్టుకు సంచుల కోసం వచ్చినప్పుడు స్వయంగా చెప్పారు. "గెలిచినోడు సంతకం పెట్టాలా? గవర్నమెంటోడు గెలిస్తే పెట్టనని ఎట్టంటాడయ్యా? సంతకం పెట్టడం ఆయన ఉజ్జోగం! నిన్న లచ్చ ఓడిపోయా. ఇదిగో చీటీ."

చీటీ మీద రాజముద్ర ఉంది. 'శ్రీ బొడ్డు కోటయ్య గారు చిత్తశుద్ధితో ఓడిపోయారని ధ్రువీకరించడమైనది.'

"లక్ష పోయింది. మీకు మిగిలేదెంత?" అన్నాను.

"పన్నులో ముప్పై వేలు తగ్గుద్ది."

"అంటే డెబ్బై వేలు పోయినట్టేగా?"

కోటయ్య గారు నన్ను జాలిగా చూశారు. "నీది గోనెల బుర్రయ్యా పాండురంగం. పోయినదాన్ని చూస్తావు. నేను తగ్గినదాన్ని చూస్తన్నా. ఇరవయ్యేళ్ళుగా పన్ను కడతన్నా. ఒక్కేడన్నా తగ్గిచ్చారా? ఈ ఏడు తగ్గిద్ది. ఎంత పోయిందన్నది కాదు, ఎవడి దగ్గర తగ్గిచ్చుకున్నామన్నది లెక్క."

రెండు వేల సంచులకు సంచికి నలభై పైసలు బేరమాడి, అరగంట వాదించి, ఎనిమిది వందలు తగ్గించుకుని వెళ్ళారు. అంత జాగ్రత్తయిన మనిషి.

అది మొదలు ఊరంతా వరస కట్టింది. డాక్టరు, ఇద్దరు మిర్చి కమిషన్ ఏజెంట్లు, పెట్రోలు బంకు ఓనరు. రాజముద్ర చీటీ లేనివాణ్ణి బజారులో పన్ను కట్టే స్థాయి లేనివాడి కింద చూడసాగారు. నిజానికి పన్ను కట్టేంత ఆదాయం లేని స్కూలు మేష్టారొకాయన పరువు కోసం ఎనిమిది వేలు ఓడాడు. అందరూ దక్షిణామూర్తికి మంచి ముక్కలు అందిస్తూ, రాతపూర్వకంగా గట్టి కారణాలు చూపిస్తూ, నికార్సుగా ఓడసాగారు. పాపం ఆయన ఓడదామని కూర్చుని రోజూ గెలిచేవాడు. గెలుపుకు కారణం రాయనక్కర్లేదు కాబట్టి ఆయన పని చకచకా సాగేది.

మార్చి పద్దెనిమిదిన గుణశేఖరం వచ్చాడు. నిలబడే అడిగాడు.

"బావా, మూడు లక్షల నలభై వేలు సర్దు."

"ఎందుకు?"

"ఓడదామని. మూడు నలభై ఓడి చీటీ తెచ్చుకుంటే నా గెలుపు కొట్టేస్తారు. లక్షా రెండు వేలు పన్ను ఎగిరిపోద్ది. కొట్టు నిలబడిద్ది."

"ఒరే, లక్షా రెండు వేలు కట్టినా కొట్టు నిలబడుతుంది. దానికి మూడు నలభై ఎందుకురా?"

"కడితే పోయినట్టేగా బావా! ఇదైతే తగ్గినట్టు."

నేను లేచి వాడికి మంచినీళ్ళిచ్చాను. ఆ రోజు ఇంకేమీ ఇవ్వలేదు. లక్షా రెండు వేలూ నేనే కడదామని మనసులో అనుకున్నాను. కానీ ఏ లెక్కన చూసినా, ఓడినవాడి తరఫున గెలిచినందుకు పన్ను కట్టడానికి నాకు చేతులు రావడం లేదు.

ఇరవై ఎనిమిదో తారీకున దక్షిణామూర్తి నా కొట్టుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఒక గోనె సంచి కావాలి. చిరుగులేనిది."

"ఏం పోస్తారండీ?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నిధి."

యాభై వేలు పదకొండు లక్షల నలభై వేలయిందట. పధ్నాలుగు మంది ఓడారట. బ్యాంకులో వేద్దామంటే శాఖకు ఖర్చుపెట్టే పద్దు ఉంది గాని, గెలిచిన డబ్బు జమ వేసుకునే పద్దు లేదు. పై అధికారికి రాస్తే 'ఓటమి నిధి పెరగడం ఊహించరానిది, వివరణ ఇవ్వండి' అని జవాబొచ్చింది. చేతిసంచిలో పట్టక ఇప్పుడు గోనెకొచ్చాడు.

"మూడు రోజులుంది," అన్నాడు. "ఇదంతా ఓడకపోతే నా ఉద్యోగం పోతుందండీ. పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది. గెలవమని కాళ్ళు పట్టుకుంటున్నా ఈ ఊళ్ళో ఒక్కడూ గెలవడం లేదు!"

ఆయనకు స్టూలు వేశాను. సంచి ఎంచాను, మంచిదే. పన్నెండు రూపాయలు తీసుకున్నాను. తరవాత అడిగాను. "మా బావమరిది గెలుస్తాడు. పన్ను ఎంత?"

"నూటికి ముప్పై. మూలంలోనే తగ్గించుకుంటాం." ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "అంత పన్ను కడతారా? నిజంగానా?"

"నూరు వస్తే ముప్పై పోతుంది. డెబ్బై మిగులుతుంది. మేం చిరుగులకు అలవాటు పడ్డవాళ్ళమండీ."

ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం రెండున్నరకు బల్ల దగ్గర ఇద్దరే కూర్చున్నారు. ఇటు గుణశేఖరం, అటు దక్షిణామూర్తి, ఆయన కాళ్ళ దగ్గర గోనె. సాక్షిగా అచ్యుతరామయ్య గారు. ఆటకు ఇరవై వేలు. నా పెట్టుబడి నలభై వేలు. కనకలత కొట్టు మూసి వచ్చి కిటికీ అవతల నిలబడింది. ఆవిడ ఆ గదిలోకి ఎన్నడూ రాలేదు, ఆ రోజూ రాలేదు.

మొదటి ఆట దక్షిణామూర్తి గెలిచాడు. రెండో ఆటా గెలిచాడు. గెలిచి తల పట్టుకున్నాడు. "నేనేం చెయ్యనండీ, ముక్కలే కలిసి వస్తున్నాయి!"

నా నలభై వేలు అయిపోయాయి. కిటికీ అవతల కనకలత 'అయ్యో' అంది. నేను అచ్యుతరామయ్య గారి వైపు తిరిగాను.

"అయ్యా, ఒక సందేహం. ఓడదలచినవాడు ముక్క పారేసేముందు కారణం రాయాలి కదా?"

"నిస్సందేహంగా. ఏడో నిబంధన."

"ఇవాళ శాఖే ఓడదలచింది. దక్షిణామూర్తి గారు రాయడం లేదు. రేపు ఈ ఓటమి నికార్సైనది కాదని ఎవరైనా అంటే?"

అధికారి గారి ముఖం గంభీరమైంది. "పరిశీలకుల వారూ, నిబంధన పాటించండి."

నేను జేబులో నుంచి ఇంకో ఇరవై వేలు తీసి బల్ల మీద పెట్టాను. ముక్కలు పంచారు. దక్షిణామూర్తి ఒక ముక్క ఎంచి, ఫైలు విప్పి, తారీకు వేసి, 'పై విషయమును పురస్కరించుకుని' అని మొదలుపెట్టాడు. మా క్లబ్బులో ఇద్దరే ఆడే ఆటకు ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. నిమిషంలోపు ముక్క వెయ్యనివాడు ఆట వదులుకున్నట్టే లెక్క. ఆయన 'కావున' దగ్గరికి వచ్చేసరికి నిమిషం దాటింది.

"పోయింది," అన్నాడు క్లబ్బు సెక్రటరీ.

ఇరవై వేలు ఇటు వచ్చాయి. తరవాతి ఆటలో ఆయన ఇంకా వేగంగా రాశాడు గాని, అధికారి గారు తిప్పి పంపించారు. "ప్రాతిపదిక స్పష్టంగా లేదు. మళ్ళీ రాయండి." అదీ పోయింది. ఆయన చేతిలో ఎంత మంచి ముక్కలున్నా లాభం లేదు. ఏ ముక్కైనా బల్ల మీదికి రావాలంటే కాగితం దాటాలి, కాగితం నిమిషంలో దాటదు. నిర్లక్ష్యమని ఎవరంటారు? అంత శ్రద్ధగా ఓడినవాణ్ణి ఆ క్లబ్బు చూడలేదు. పన్నెండో ఆటకు ఆయనకు చెమటలు తగ్గాయి. ఇరవయ్యో ఆటకు చేతిరాత కుదురుకుంది. నా నలభై వేలతో కలిపి యాభై తొమ్మిది ఆటలు. నాలుగూ యాభై రెండుకు గోనె ఖాళీ.

సంతకం దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. గుణశేఖరం కలం పట్టుకోడు. "బావా, గెలిచానని రాస్తే అరిష్టం. ఏదో సర్దుకున్నాం అని రాస్తా."

"ఎనిమిది నిమిషాలుంది," అన్నాడు దక్షిణామూర్తి. తన రెండో కలం కూడా తీసి ముందు పెట్టాడు.

కిటికీ అవతల నుంచి కనకలత గట్టిగా అంది. "ఇటు చూడండి. పిల్లలు బడి నుంచి వచ్చే టైమైంది. సంతకం పెడితే వాళ్ళు కొట్టుకొస్తారు. పెట్టకపోతే ఇక్కడికొస్తారు. ఎక్కడ కూర్చోబెట్టమంటారో చెప్పండి."

వాడు కళ్ళు మూసుకుని పెట్టాడు.

లెక్క చెబుతాను. నా నలభై వేలకు ఓటమి చీటీ ఇచ్చారు. ఆ పథకం వల్ల లాభపడ్డ చీటీ కంచర్లపేట మొత్తంలో అదొక్కటే. మొత్తం పదకొండు ఎనభైలో అది తీసేస్తే గెలుపు పదకొండు లక్షల నలభై వేలు. ముప్పై శాతం మూడు లక్షల నలభై రెండు వేలు. పాత పన్ను లక్షా రెండు వేలు. నా పెట్టుబడి నేను తీసుకున్నాక, అన్నీ పోను వాడి చేతికి ఆరు లక్షల తొంభై ఆరు వేలు. జప్తు కాగితం చింపేశారు. దక్షిణామూర్తి నిధిని నూటికి నూరు శాతం ఓడినందుకు శాఖ ప్రశంసాపత్రం పంపింది. పథకం ఘనవిజయం సాధించిందని, వచ్చే ఏడు అన్ని జిల్లాల్లో ఓడతామని ప్రకటించింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మర్నాడు పొద్దున్నుంచీ గుణశేఖరం కొట్టుకు జనం పరామర్శకు రాసాగారు. కోటయ్య గారు పళ్ళు కూడా తెచ్చారు. "మూడు లచ్చల నలభై రెండు వేలంటగా, పాపం! ఒక్కపూటలో కట్టిచ్చుకున్నారు. గుండె నిబ్బరం చేసుకో అబ్బాయ్. మాకందరికీ తగ్గింది, నీ ఒక్కడికే ఇట్టా అయ్యింది."

డాక్టరు గారు భుజం మీద చెయ్యివేశారు. "పాత లక్షా రెండుతో కలిపి నాలుగున్నర దాకా అయిందటగా. మరీ అన్యాయం. మీ బావగారి మాట విన్నారు, అదీ పొరపాటు."

వాళ్ళు పదకొండు లక్షలు ఓడిపోయినవాళ్ళు. ఆ పదకొండు లక్షలూ గెలిచినవాణ్ణి ఓదారుస్తున్నారు. ఒక్కరి ముఖంలోనూ వెటకారం లేదు. రెండు రోజులు విన్నాడు గుణశేఖరం. మూడోరోజు అన్నం మానేశాడు. నాలుగోరోజు పొద్దున కొట్టు దస్తావేజులు సంచిలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"బావా, వీటి మీద ఎవరన్నా అయిదు లక్షలిస్తారేమో చూడు."

"ఆరు తొంభై ఆరు ఉందిగా?"

"అది కాక. మొత్తం పన్నెండు ఓడితే మూడు అరవై తగ్గిద్దంట. మొన్న కట్టింది ఈ ఏడు తిరిగి రాబట్టొచ్చు. కోటయ్య గారు లెక్కేసి ఇచ్చారు." కాగితం చూపించాడు. కూడికలూ తీసివేతలూ తప్పు లేకుండా ఉన్నాయి.

నేను వాదించలేదు. దస్తావేజులు చూసి పెడతానని తీసుకున్నాను. "సంతకాలు కావాలి, పద," అని వాణ్ణి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాను. కొట్టు కనకలత పేర రాయించాను. పన్ను తగ్గడానికే అని చెప్పాను. తగ్గుతుందంటే చాలు, ఎక్కడ చూపిస్తే అక్కడ చదవకుండా సంతకం పెట్టాడు. అక్కణ్ణుంచి బ్యాంకుకు వెళ్ళి ఆరు లక్షల తొంభై ఆరు వేలూ ఇద్దరు ఆడపిల్లల పేర, పదేళ్ళ దాకా తీయడానికి వీల్లేకుండా వేయించాను. దానికీ పన్ను తగ్గింపు ఉందన్నాను. రెండు ఆఫీసులకూ నా ఆటో ఖర్చు నూట ఎనభై.

తిరిగి వచ్చి కొట్టు తాళంచెవి వాడి మొలతాడు నుంచి విప్పి కనకలత చేతిలో పెట్టాను.

"ఇప్పుడు నాకెంత తగ్గింది బావా?" అన్నాడు గుణశేఖరం.

"మొత్తం," అన్నాను.

ఆ రాత్రి రెండు రోజుల తరవాత వాడు కడుపునిండా అన్నం తిన్నాడని కనకలత కబురు పంపింది.